అమ్మ వాళ్ళింట్లో అరవై క్యాసెట్లు: పారేయాలా, దాచుకోవాలా?

ప్రశ్న: మాది కాకినాడ. నా వయసు 46. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ అయ్యేదాకా, అంటే 1993 నుంచి 1999 వరకు, కాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి రికార్డింగ్ షాపులో నింపించుకున్న క్యాసెట్లు 60 దాకా అమ్మ వాళ్ళింట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. టేప్‌రికార్డర్ ఆన్ చేస్తే మోటారు శబ్దం వస్తోంది గానీ చక్రాలు తిరగడం లేదు. రెండు క్యాసెట్లలో రీలు అంచున తెల్లటి పొడి కనిపిస్తోంది. పాటలన్నీ ఫోన్‌లో ఉన్నాయి కదా, పారేయమంటారు మావారు. నిజమే, కానీ ఫోన్‌లో వింటే పాట అదే అయినా ఏదో తేడాగా ఉంటుంది. ఇది నా భ్రమా? వీటిని ఇంట్లోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చా? మా అమ్మాయికి 16 ఏళ్ళు. తనకి ఈ పాటలు ఎక్కుతాయన్న నమ్మకం నాకు లేదు.

సమాధానం: భ్రమ కాదండీ. మీరు వింటున్న తేడా నిజంగానే ఉంది, దాన్ని కొలవచ్చు కూడా.

క్యాసెట్ రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. షాపుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా తిరిగే డెక్కుల్లో (క్యాసెట్ మెషీన్లలో) బెల్టులు సాగి, మోటార్లు అరిగి ఆ వేగం రెండు మూడు శాతం అటూ ఇటూ అయ్యేది. మీ ఇంట్లో టేప్‌రికార్డర్‌కీ దాని తేడా దానికి ఉండేది. వేగం 6 శాతం పెరిగితే పాట శ్రుతి అరమెట్టు పైకి పోతుంది. 3 శాతం పెరిగితే అందులో సగం. ఏళ్ళ తరబడి ఆ శ్రుతిలోనే విన్న చెవికి, ఫోన్‌లోని అసలు పాట కాస్త నెమ్మదిగా, నీరసంగా అనిపించడంలో వింతేమీ లేదు. దీనికి తోడు, రద్దీ ఎక్కువై షాపువాళ్ళు రెట్టింపు వేగంతో కాపీ చేసినప్పుడు పైస్థాయి శబ్దాలు కొంత పోయేవి. తాళాల మెరుపు తగ్గి గొంతు ముందుకు వచ్చేది. ఆ మెత్తదనమే మీకు గుర్తున్న పాట.

అన్నిటికన్నా ముఖ్యమైనది పాటల వరస. మీరు రాసిచ్చిన జాబితా ప్రకారం ఒక పాట అయిపోగానే తర్వాతి పాట ఎత్తుగడ మీ మనసులో ముందే మొదలవుతుంది. ఒక వైపు 45 నిమిషాలు నిండేసరికి ఆఖరి పాట చరణం మధ్యలో తెగిపోయి ఉంటే, ఈరోజుకీ ఫోన్‌లో అక్కడికి రాగానే ఆగిపోతుందేమో అనిపిస్తుంది. అందుకే మీవారు చెప్పిన మాటకి నా జవాబు ఇదీ: పాటలు ఫోన్‌లో ఉన్నాయి, మీ క్యాసెట్లు మాత్రం ఎక్కడా లేవు. ఆ వరస, ఆ తెగిపోవడాలు, మధ్యలో రేడియో నుంచి పట్టిన ముక్కలు, ఎవరో పొరపాటున రికార్డు బటన్ నొక్కినప్పుడు పడిన ఇంటి మాటలు, వీటికి రెండో ప్రతి లేదు. పారేయొద్దు.

ఆ వయసు పాటలే ఎందుకింత గట్టిగా పట్టుకుంటాయి అన్నదానికీ ఆధారాలున్నాయి. మధ్యవయసు దాటినవాళ్ళని జ్ఞాపకాలు చెప్పమంటే, సుమారు 10 నుంచి 30 ఏళ్ళ మధ్య కాలానివే ఎక్కువగా చెబుతారని డేవిడ్ రూబిన్, ఆయన సహచరులు 1986లో చూపించారు. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని రెమినిసెన్స్ బంప్ అంటారు. మీ అమ్మాయి విషయంలో మాత్రం మీరు నిరాశపడాల్సిన పని లేదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ 20 ఏళ్ళ ప్రాయంలోని వాళ్ళకి పాత పాటలు వినిపించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. తమ అమ్మానాన్నలు యువకులుగా ఉన్నప్పటి పాటలతో కూడా ఆ పిల్లలకి జ్ఞాపకాలు, ఇష్టం బలంగా ఉన్నాయని అందులో తేలింది. ఇంట్లో మోగిన పాట పిల్లల్లోకి చేరుతుంది. కాబట్టి ఈ పనిలో మీ అమ్మాయిని కూర్చోబెట్టుకోండి, పని కూడా సగం అవుతుంది.

ఇక పనిలోకి వద్దాం. మొట్టమొదట చేయాల్సింది, ప్రతి క్యాసెట్ వెనక అంచున రెండు మూలల్లో ఉండే చిన్న ప్లాస్టిక్ రేకులు విరిచేయడం. అవి లేకపోతే రికార్డు బటన్ దిగదు, పొరపాటున పాట చెరిగే ప్రమాదం ఉండదు. ఒకవేళ వాటిమీద అప్పట్లో టేపు అంటించి మళ్ళీ రికార్డు చేసుకుని ఉంటే ఆ టేపు పీకేయండి. ఆ తర్వాత డబ్బాల్లోని కార్డులు, ముఖ్యంగా మీ చేతిరాత ఉన్నవి, రెండువైపులా ఫోటో తీయించండి. ఒక్కో క్యాసెట్‌కి వరస నంబరు వేసి, అదే నంబరు ఫోటోకీ రేపటి ఫైలుకీ పెట్టాలి. 60 క్యాసెట్ల పనిలో నంబర్లు లేకపోతే పదోది దాటేసరికి ఏది ఏమిటో తెలియకుండా పోతుంది.

మోటారు తిరుగుతూ చక్రాలు తిరగడం లేదంటే దాదాపుగా అది బెల్టు. ఇన్నేళ్ళు వాడకుండా ఉంచిన రబ్బరు బెల్టు సాగిపోతుంది, లేదా కరిగి తారులా పుల్లీలకి అంటుకుపోతుంది. ప్లగ్ తీసేసి వెనక మూత విప్పితే కనిపిస్తుంది. ఆ తారుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్స్‌తో ఓపిగ్గా తుడవాలి. చేతికంటితే వదలదు, గ్లవ్స్ వేసుకోండి. పుల్లీ మీద ఏ కాస్త మిగిలినా కొత్త బెల్టు అక్కడ ఎగిరి, పాట వణుకుతుంది. కొత్త బెల్టు కొలత కోసం, బెల్టు వెళ్ళే దారిలో దారం చుట్టి పొడవు కొలిచి, అందులో 5 నుంచి 8 శాతం తగ్గించండి. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో ఇలాంటి విడిభాగాల కోసం వెతకొచ్చు. ఆన్‌లైన్‌లో రకరకాల సైజుల బెల్టులు కలిపి ప్యాకెట్లుగా అమ్ముతారు. మామూలు రబ్బరుబ్యాండు మాత్రం వేయొద్దు. చక్రాలు తిరుగుతాయి గానీ వేగం నిలకడగా ఉండదు, అది మీ రికార్డింగ్‌లో శాశ్వతంగా పడిపోతుంది. మూత విప్పడం భయమనిపిస్తే మెకానిక్‌కి ఇచ్చి బెల్టులు, పించ్ రోలర్ (రీలుని ఒత్తి నడిపే రబ్బరు చక్రం) మార్చమని స్పష్టంగా చెప్పండి.

అది బాగుకాకపోతే కొత్తగా ఏది కొనాలన్న ప్రశ్న వస్తుంది. అరచేతిలో పట్టే చవక యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు బోలెడు దొరుకుతాయి. నేను వద్దనే చెబుతాను. వాటిలో వేగాన్ని నిలకడగా ఉంచే ఫ్లైవీల్ చక్రం బరువు చాలదు, వేగం ఊగుతుంది, హెడ్ (రీలు మీది పాటని చదివే భాగం) సరిగా కూర్చోదు. ఆ డబ్బుకి కాస్త కలిపి, పనిచేస్తున్న పాత స్టీరియో డెక్కు ఒకటి కొనడం మేలు. వెనక లైన్ అవుట్ అనే రెండు రంధ్రాలు, ఎర్రది, తెల్లది, ఉన్నాయో లేదో చూసి తీసుకోండి.

ఏ మెషీన్ అయినా క్యాసెట్ పెట్టేముందు శుభ్రం చేయాలి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్ చాలు. హెడ్‌ని, దాని పక్కనే నిలబడి తిరిగే సన్నటి ఉక్కు కడ్డీని తుడవండి. బడ్ మీద గోధుమరంగు రాకుండా పోయేదాకా తుడవాలి. కడ్డీకి ఆనుకునే నల్ల రబ్బరు చక్రమే పించ్ రోలర్. దానికి ఆల్కహాల్ తక్కువ వాడండి. పగుళ్ళు వచ్చినా, గాజులా మెరుస్తున్నా అది మార్చాల్సిందే. రీలు లోపల చుట్టుకుపోయి నలిగిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఈ రోలరే: అది జారడం వల్లనో జిగురు వల్లనో రీలు దానికే చుట్టుకుంటుంది. నెయిల్ పాలిష్ రిమూవర్, సెంటు దగ్గరికి రానివ్వకండి. రిమూవర్‌లోని అసిటోన్ ప్లాస్టిక్‌నీ రబ్బరునీ తినేస్తుంది. మొదట పోయినా ఫర్వాలేదనుకునే క్యాసెట్ ఒకటి పెట్టి పది నిమిషాలు చూడండి. నలపకుండా నడిపితేనే మీ క్యాసెట్లు పెట్టాలి. తర్వాత నాలుగైదు క్యాసెట్లకోసారి మళ్ళీ తుడవాలి. పాట మధ్యలో ఉన్నట్టుండి పైస్థాయి శబ్దం తగ్గి మూగబోయినట్టయితే హెడ్ మీద పొడి చేరిందని అర్థం, వెంటనే ఆపి తుడవండి.

క్యాసెట్ వైపు చూద్దాం. కింద అంచున, రీలు బయటికి కనిపించే చోట మధ్యలో, రాగి రేకు మీద చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది. రీలుని హెడ్‌కి ఒత్తిపెట్టేది అదే. పాత క్యాసెట్లలో జిగురు ఆరిపోయి అది ఊడిపోతుంది. ఊడితే పాట లోతు గుంటలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. పాటలు లేని పాత క్యాసెట్‌లోంచి ఆ రేకుతో సహా తీసి పెట్టుకోవచ్చు. ఇన్నేళ్ళు కదలని రీలు పొరలు అతుక్కుని ఉంటాయి, అందుకని క్యాసెట్‌ని బల్లపరుపుగా అరచేతిలో రెండు మూడుసార్లు తట్టండి. ఆరు పలకల పెన్సిల్ చక్రంలో దూర్చి నాలుగు చుట్లు చేత్తో తిప్పండి. బిగుసుకోకుండా తిరిగితే ఆ తర్వాతే మెషీన్‌లో పెట్టి చివరిదాకా ముందుకి, మళ్ళీ మొదటికి ఒకసారి చుట్టండి. సీ-60 (రెండు వైపులా కలిపి 60 నిమిషాలది) రీలు మందం 16 నుంచి 18 మైక్రాన్లు ఉంటే సీ-90ది సుమారు 12 మాత్రమే. సీ-120 ఇంకా పల్చన. వాటిని మధ్యలో పదేపదే ఆపి వెనక్కి ముందుకి లాగితే సాగిపోతాయి.

రీలు తెగితే కంగారు వద్దు. సెకనుకు 4.76 సెంటీమీటర్లు కాబట్టి, నలిగిన చోట ఒక సెంటీమీటరు కత్తిరించినా పోయేది సెకనులో ఐదో వంతు. రెండు కొసల్ని 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా ఎదురెదురుగా ఆనించి, క్యాసెట్ కోసమే అమ్మే స్ప్లైసింగ్ టేపు సెంటీమీటరు ముక్క అంటించాలి. రీలు బయటివైపు హెడ్‌కి తగిలేది, లోపలివైపు అంటించండి. ఇంట్లో ఉండే సెల్లో టేపు వాడితే కొన్నాళ్ళకి దాని జిగురు పక్క చుట్లలోకి పాకి మొత్తం పాడుచేస్తుంది. కొస లోపలికి పోతే రీలు ఉండే క్యాసెట్ డబ్బానే విప్పాలి. స్క్రూలున్నది అయితే సులువు, సాధారణంగా ఐదు ఉంటాయి. అతికించేసిన డబ్బా అయితే అంచు వెంబడి సన్నటి బ్లేడుతో విడదీసి, రీలుని స్క్రూలున్న ఖాళీ డబ్బాలోకి మార్చండి. విప్పే ముందు రీలు ఏ దారిలో వెళుతోందో ఫోటో తీసుకోండి.

తెల్లపొడి ఉన్న ఆ రెండూ బూజు పట్టినవి. కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళో అది మామూలే. వాటిని మంచి మెషీన్‌లో పెడితే బూజు మెషీన్‌కీ, అక్కడి నుంచి మిగతా 58 క్యాసెట్లకీ అంటుకుంటుంది. ముందు వాటిని వేరుచేసి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో మూడు నాలుగు రోజులు ఉంచి ఆరనివ్వండి. ఎండలో పెట్టొద్దు, క్యాసెట్ వంకర పోతుంది. ఆరాక, ముక్కుకి మాస్కు కట్టుకుని, ఇంటి బయట, డబ్బా విప్పి చుట్ట అంచు మీది పొడిని మెత్తటి పొడి బ్రష్‌తో దులిపి, కొత్త డబ్బాలోకి మార్చండి. ఈ రెండింటినీ అన్నీ అయ్యాక ఆఖరున కాపీ చేసి, ఆ వెంటనే మెషీన్ తుడవాలి.

కంప్యూటర్‌కి కలిపే దగ్గర చాలామంది చేసే పని, టేప్‌రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి వైరు వేయడం. చాలా ల్యాప్‌టాప్‌లలో మైకు రంధ్రం ఒకే చానల్‌ది, పైగా సన్నటి మైకు శబ్దానికి తయారైంది. పాట పగిలిపోతుంది, స్టీరియో పోతుంది. లైన్ ఇన్ (బయటి మెషీన్ శబ్దం తీసుకునే రంధ్రాలు) ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పెట్టె, కావాలి. బెహరింగర్ యూసీఏ202 లాంటిది సరిపోతుంది. డెక్కు లైన్ అవుట్ నుంచి దానికి రెండు వైర్లు, అంతే. టూ-ఇన్-వన్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం మాత్రమే ఉంటే వాల్యూమ్ మూడో వంతు నుంచి సగం మధ్య ఉంచి, బాస్ పెంచే బటన్లన్నీ ఆపేసి, టోన్ మధ్యలో పెట్టండి. గుయ్‌మని హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు దాంతోనే పోతుంది. ఫోన్, నోటిఫికేషన్ల చప్పుళ్ళు ఆపేయండి.

సాఫ్ట్‌వేర్‌కి ఆడాసిటీ ఉచితం. స్టీరియో, 44,100 హెర్ట్జ్, 16 బిట్ చాలు. క్యాసెట్‌లో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య తేడా 60 డెసిబెల్స్ దాటడం కష్టం, 16 బిట్‌లో 96 పడుతుంది. క్యాసెట్‌లో బాగా హోరెత్తే పాట దగ్గర ఆడాసిటీ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేలా పెట్టుకోండి. సున్నాని తాకితే ఆ పగులు మళ్ళీ బాగుకాదు. కాస్త తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు.

రికార్డు మొదలెట్టే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది, దీన్ని మాత్రం వదలకండి. హెడ్‌కి ఒకవైపు స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది, ప్లే బటన్ నొక్కితే దానికి ఎదురుగా మూతలో చిన్న రంధ్రం కనిపిస్తుంది. అది హెడ్ వాలుని మారుస్తుంది. మీ పాటలు షాపు డెక్కులో రికార్డయ్యాయి, ఆ హెడ్ వాలు మీ మెషీన్‌కి కుదరకపోతే పైస్థాయి శబ్దాలు చచ్చిపోతాయి. రెండు చానళ్ళని కలిపి మోనోలో వింటూ, స్క్రూని అటూ ఇటూ పావు చుట్టుకి మించకుండా నెమ్మదిగా తిప్పండి. తాళం, గజ్జెల చప్పుడు, గొంతులోని సకారాలు ఎక్కడ బాగా విచ్చుకుంటాయో అక్కడ ఆపండి. మొదట స్క్రూ ఉన్న చోటికి నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టుకుంటే వెనక్కి రావచ్చు. మబ్బు పట్టినట్టున్న క్యాసెట్ ఈ ఒక్క పనితో తేటపడుతుంది. ఏ కంప్యూటర్ ఎఫెక్టూ తర్వాత అంత మేలు చేయలేదు, ఎందుకంటే హెడ్ చదవని శబ్దాన్ని ఎక్కడినుంచీ తేలేం.

ఇప్పుడు ఒక వైపు మొదటినుంచి చివరిదాకా ఒకే ఫైలుగా రికార్డు చేయండి. పాట అయిపోగానే ఆపొద్దు, ఖాళీగా నడిచే ఆఖరి నిమిషాలు కూడా పోనివ్వండి. ఇంటి మాటలు, చిన్నపిల్లల గొంతులు దొరికేది అక్కడే. ఈ ఫైలుకి ఏ మార్పూ చేయకుండా వేవ్ (WAV) గానో ఫ్లాక్ (FLAC) గానో, అంటే శబ్దం ఏమాత్రం పోని ఫైలుగా, దాచాలి. పాటలుగా కోయడం, శుభ్రం చేయడం అన్నీ దీని నకలు మీదే. ఎంపీ3 ఫోన్‌లో వినడానికి తీసుకోండి, దాచుకోవడానికి మాత్రం కాదు. వేవ్ నిమిషానికి 10.6 ఎంబీ, ఒక సీ-90కి సుమారు 950 ఎంబీ, అరవైకి కలిపి 57 జీబీ. ఫ్లాక్‌లో సగానికి అటూ ఇటూగా తగ్గుతుంది, శబ్దం ఏమాత్రం పోదు. రెండు వేర్వేరు డిస్కుల్లో, వీలైతే రెండు ఇళ్ళలో ఉంచండి. అన్నీ సీ-90లే అయితే ఎంత తొందరపడినా 90 గంటలు నడవాల్సిందే. రోజుకి రెండు చొప్పున నెల పడుతుంది.

బుస్సుమనే శబ్దం తగ్గించాలంటే ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ ఉంది. నమూనాగా రెండు పాటల మధ్య ఒక సెకను ముక్క ఇవ్వాలి. క్యాసెట్ మొదట్లో ఉండే రంగులేని లీడర్ భాగాన్ని నమూనాగా ఇవ్వకండి. దానిమీద అయస్కాంతపు పూత ఉండదు కాబట్టి అక్కడ ఆ బుస్సు ఉండదు. 6 డెసిబెల్స్‌తో మొదలుపెట్టి, మరీ అయితే 9 దాకా వెళ్ళండి. 15, 20 పెడితే గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టవుతుంది, వీణ మీటు కరిగిపోతుంది. నన్నడిగితే పాటలకి దీన్ని అసలు వాడనక్కర్లేదు. ఇంటి మాటలు రికార్డైన చోట మాట తెలియడం కోసం వాడండి.

వేగం సరిచేయాలనుకుంటే ఫోన్‌లోని పాటనే కొలబద్దగా పెట్టుకోండి. రెండూ ఒకే వెర్షన్ అవునో కాదో విని చూసుకుని, మొదటి దెబ్బ నుంచి ఆఖరి దెబ్బకి ఎన్ని సెకన్లో రెండింటిలో చూడండి. ఫోన్‌లో 300, మీదాంట్లో 291 ఉంటే మీది 3 శాతం వేగంగా ఉన్నట్టు. ఆడాసిటీలో వేగం, శ్రుతి రెండూ కలిపి మార్చే చేంజ్ స్పీడ్‌లో (కొత్త వెర్షన్లలో దీని పేరు చేంజ్ స్పీడ్ అండ్ పిచ్) 0.97 ఇవ్వండి. టెంపో మాత్రమే మార్చేది వాడకండి. అయితే పాట మీకు గుర్తున్నట్టే ఉండాలంటే, సరిచేయని ఫైలే వినండి. అందుకే దాన్ని ముట్టుకోవద్దన్నాను.

వినేటప్పుడు కూడా ఒక వైపంతా ఒకేసారి వినండి, పాట దాటేయకుండా. హెడ్‌ఫోన్ కన్నా గదిలో ఒక స్పీకరు మీద పెడితే ఆనాటి ధ్వనికి దగ్గరగా ఉంటుంది. ఈ ఫైళ్ళు మీ సొంతానికి ఉంచుకోవడానికి మన కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ వీలిస్తుంది. ఆన్‌లైన్‌లో పెట్టి అందరికీ పంచడం వేరే సంగతి, సౌండ్ రికార్డింగుల మీద హక్కు 60 ఏళ్ళు ఉంటుంది.

కాపీ అయిపోయాక క్యాసెట్లని మళ్ళీ ట్రంకు పెట్టెలో పడేయకండి, ఇనుప పెట్టెలో తేమ పట్టేస్తుంది. ప్రతిదాన్నీ ఒక చివరిదాకా చుట్టి, డబ్బాలో పెట్టి, పుస్తకాల్లా నిలువుగా, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ పెట్టెలో అమర్చండి. వంటింటి గోడ, పడమటి ఎండ పడే గోడ, స్పీకర్ల దగ్గర వద్దు. సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి, వానాకాలం మొదట్లో ఒకసారి, అయ్యాక ఒకసారి మార్చండి.